గాలానికి కాలమొచ్చింది!

వానలు తగ్గుముఖం పట్టాయి. చెరువుల్లో ఎర్రనీళ్లు తేటబడ్డాయి. తుంగ గడ్డి చాటున కొర్రమట్ట కాచుకుని కూర్చుంది. ఇటు కట్ట మీద దానికోసం మనిషీ కాచుకుని కూర్చున్నాడు. చిత్త కార్తెలో షాబాద్ చెరువుల దగ్గర పొద్దున్నే కనిపించే ముచ్చట ఇది.

తెల్లవారుజాము ఐదున్నర. కట్ట మీద ఒక తాత, ఆయన పక్కన పదేళ్ల మనవడు. దసరా సెలవులు కదా, పిల్లాడికి నిద్ర లేవడానికి బద్ధకం లేదు. తాత చేతిలో రెండు నిలువుల వెదురు కర్ర. దాని కొసకి తంగూస్ దారం. దారం చివర చిటికెన వేలంత గాలం. నీళ్ల మీద పల్చటి పొగమంచు. ఎక్కడో 'గుబుక్' మని చప్పుడైంది.

"తాతా, కప్ప దుంకినట్టుంది."

"కప్ప గాదు బిడ్డా. అది గాలి పీల్చుకోనీకి పైకొచ్చింది. సప్పుడు జెయ్యకు, దానికి ఇనొస్తది."

పిల్లాడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. మరో పావుగంట దాకా ఆ కట్ట మీద మాటల్లేవు.

చేపలు పట్టడమంటే వల విసరడం, లాగడం, బుట్టల్లో నింపడం అనుకునేవాళ్లకి ఈ వ్యవహారం వింతగా ఉంటుంది. ఇద్దరు మనుషులు, ఒక గాలం, మూడు గంటలు... దొరికితే ఒక చేప. దొరక్కపోతే అదీ లేదు. అయినా రేపు మళ్లీ వస్తారు. ఎందుకంటే ఇది బొచ్చె కాదు, రవు కాదు. కొర్రమీను! తెలంగాణ రాష్ట్ర చేప. ఇక్కడి పల్లెల్లో ముద్దుపేరు కొర్రమట్ట.

బండల షాబాద్ కాదిది

షాబాద్ అనగానే చాలామందికి ఇంట్లో నేల మీద పరిచే నున్నటి బండలు గుర్తొస్తాయి. ఆ బండలు ఈ షాబాద్‌వి కావు. వాటికి పేరిచ్చిన ఊరు కర్ణాటకలో, కలబురగి జిల్లాలో ఉంది. రంగారెడ్డి జిల్లాలోని మన షాబాద్‌ది వేరే కథ. పత్తి చేలు, కూరగాయల మళ్లు, బంతి తోటలు, ఊరికో చెరువు, దాని కింద కొంచెం వరి. ఇప్పుడు చందన్‌వెల్లి వైపు వెళితే ఫ్యాక్టరీల షెడ్లు కూడా కనిపిస్తాయి.

హైదరాబాద్ నుంచి అరవై కిలోమీటర్ల లోపే. మెహిదీపట్నంలో బయల్దేరి బీజాపూర్ రోడ్డు పట్టుకుంటే మొయినాబాద్, చేవెళ్ల వస్తాయి. దారి పొడవునా ఊడలు దిగిన మర్రిచెట్లు. రోడ్డు వెడల్పు చేయాలన్నప్పుడు ఆ మర్రుల కోసం ప్రకృతి ప్రేమికులు ఏళ్ల తరబడి కొట్లాడారు. చేవెళ్ల దాటే ముందు మార్కెట్ దగ్గర ఆగి క్యారెట్లు కొనుక్కోనివాళ్లు తక్కువ. అక్కడి నుంచి షాబాద్‌కి మలుపు తిరిగితే రద్దీ తగ్గి పల్లె మొదలవుతుంది. శంషాబాద్ వైపు నుంచి కూడా దారి ఉంది కానీ, మర్రుల నీడ మాత్రం ఇటే.

ఈ రోడ్డు మీద పడమటికి పోతుంటే కుడిచేతి వైపు ఉస్మాన్‌సాగర్, ఎడమచేతి వైపు హిమాయత్‌సాగర్. రెండూ కంటికి కొంచెం దూరంగానే ఉంటాయి కానీ, ఈ ప్రాంతం మొత్తానికి లెక్క చెప్పేది అవే. 1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన వరద హైదరాబాద్‌ను ముంచేసి వేలమందిని పొట్టన పెట్టుకుంది. ఇంజినీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య వచ్చి పరిశీలించి, నగరానికి ఎగువనే నీళ్లని ఆపాలని సలహా ఇచ్చారు. అలా మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, దాని ఉపనది ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో తయారయ్యాయి. మూసీ, ఈసీ రెండూ లంగర్‌హౌస్ పక్కన బాపూఘాట్ దగ్గర కలుస్తాయి.

ఇదంతా ఎందుకంటే... షాబాద్ చుట్టుపక్కల పడిన చినుకు పొలంలోంచి వాగులోకి, వాగులోంచి చెరువులోకి, చెరువు మత్తడి దుంకితే కింది చెరువులోకి, అట్నుంచి ఈసీలోకి, చివరికి హిమాయత్‌సాగర్‌లోకి పోవాలి. నీటికి ఆ దారి ఉంటే కొర్రమట్టకీ దారి ఉన్నట్టే. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ వద్దాం.

గాలి పీల్చే చేప

కొర్రమట్టని దగ్గర్నుంచి చూశారా? పాము తలలాంటి తల. నల్లటి వీపు, తెల్లటి పొట్ట, పక్కల మీద చారలు. ఇంగ్లీషువాళ్లు పెట్టిన పేరులో కూడా పాముతల అనే ఉంది. 1793లో దీన్ని శాస్త్రలోకానికి పరిచయం చేసిన జర్మన్ శాస్త్రవేత్త బ్లాఖ్ కూడా ఆ తలని చూసే ఆ జాతికి పేరు పెట్టాడు.

దీని అసలు గొప్ప తలలోనే ఉంది. మొప్పల పైన రెండు చిన్న గాలి గదులుంటాయి. నీళ్లలో ఉండే ప్రాణవాయువు దీనికి చాలదు. మాటిమాటికీ పైకి వచ్చి గుటక వేసినట్టు గాలి మింగి పోతుంది. వలలో చిక్కి పైకి రాలేకపోతే చేప అయ్యుండీ నీళ్లలోనే ఊపిరాడక చచ్చిపోతుంది! అదే ఒడ్డున తడిగోనెలో చుట్టి పెడితే గంటల తరబడి బతికే ఉంటుంది. ఎండాకాలంలో చెరువు అడుగంటితే చెమ్మ ఉన్న బురదలోకి దిగి వానల కోసం ఎదురుచూస్తుంది. తొలకరి పడి చేలల్లో నీళ్లు నిలవగానే కాలువలకి ఎదురీదుతూ, అవసరమైతే తడి గడ్డి మీద జరజరా పాకుతూ కొత్త నీళ్లు వెతుక్కుంటుంది. మడికట్టులో కొర్రమట్ట దొరికిందని రైతు చెబితే కోతలనుకోకండి.

గుడ్లు పెట్టేదీ వానాకాలంలోనే. ఒడ్డు దగ్గర గడ్డిని పక్కకి తోసి గిన్నెలాంటి జాగా చేసుకుంటుంది. పిల్లలు పుట్టాక ఎర్రటి ముద్దలా, గుంపుగా నీటిపైకి వచ్చి పోతుంటాయి. తల్లీ తండ్రీ కిందే కాపలా. కప్ప వచ్చినా, మరో చేప వచ్చినా మీద పడి తరుముతాయి. ఆ కోపాన్ని ఆసరా చేసుకుని ఎర్రముద్ద మధ్యలో గాలం వేసేవాళ్లున్నారు. సులువుగానే పడుతుంది. పెద్దచేప సంచిలోకి పోయిన గంటలోపు ఆ పిల్లల్ని జెల్లలు, పరకలు, కొంగలు పంచుకుంటాయి. పని తెలిసినవాడు ఎర్రముద్ద కనిపిస్తే గాలం చుట్టేసుకుని పక్క రేవుకి పోతాడు. అందుకే అసలైన గాలం కాలం వానలు తగ్గాకే. పిల్లలు అప్పటికి వాటి బతుకు అవి బతకడం నేర్చుకుంటాయి.

మృగశిర నుంచి చిత్త దాకా

తెలంగాణలో చేపకీ కార్తెకీ చుట్టరికం పాతదే. జూన్ మొదట్లో మృగశిర ప్రవేశించిన రోజున చేపల కూర తినని ఇల్లు అరుదు. హైదరాబాద్‌లో బత్తిని కుటుంబం ఉబ్బసానికి చేప ప్రసాదం పంచేది కూడా ఆ రోజే. మందుని నోట్లో పెట్టుకుని గొంతులోకి జారే ఆ బుల్లిచేప మరేదో కాదు, కొర్రమీను పిల్లే.

కానీ మృగశిరకి తినేది పాతనీళ్ల చేప. వేసవిలో ఇంకిపోయిన చెరువుల్లోంచి తోడుకొచ్చింది. వానలన్నీ తాగి, కప్పల్నీ చిరుచేపల్నీ తిని బలిసిన కొత్తచేప రుచి చూడాలంటే ఉత్తర, హస్త దాటి చిత్త రావాలి. అక్టోబరు 10, 11 తేదీల నుంచి 23 దాకా చిత్త. ఆ తర్వాత స్వాతి. అప్పటికి వరి పొట్ట మీద ఉంటుంది, పత్తి పగులుతుంటుంది, బతుకమ్మలు నీళ్లలోకి చేరి ఉంటాయి. చెరువులో ఎర్రనీరు తేరుకుని చేపకి ఎర కనబడుతుంది. పగలు ఎండ చురుక్కుమంటుంది, తెల్లారగట్ల చలి మొదలవుతుంది. చలి ముదిరితే కొర్రమట్ట మందగిస్తుంది, మేత తగ్గిస్తుంది. దానికి ముందు ఈ నాలుగైదు వారాలు మాత్రం కడుపునిండా తింటుంది. పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు. మధ్యాహ్నం కూర్చున్నా దండగే.

సరిగ్గా ఇవే రోజుల్లో భూగోళానికి అవతల పక్కన కూడా ఇలాంటి మనుషులే ఒడ్డున కూర్చుని ఉంటారు. అమెరికాలోని మిన్నెసోటాలో 'వాలై' అనే చేప ఉంది. అక్కడ అది రాష్ట్ర చేప. ఇదీ వేటాడి తినే రకమే. దాని కంట్లో వెలుగుని వెనక్కి కొట్టే పొర ఉండటంతో టార్చిలైటు పడితే పిల్లికన్నులా మెరుస్తుంది, మసక చీకట్లో ఎర స్పష్టంగా కనబడుతుంది. చెరువులు గడ్డకట్టే ముందు, చెట్లు ఆకులు రాల్చే కాలంలో అది బలంగా మేస్తుంది. పొద్దువాలే వేళ లోతు తక్కువున్న చోటికి వస్తుంది. అక్కడ గాలం వేయాలంటే లైసెన్సు కావాలి, రోజుకి ఎన్ని పట్టొచ్చో లెక్క ఉంటుంది, కొలబద్దతో కొలిచి వదిలేయాల్సిన సైజులుంటాయి. ఉద్యోగాల కోసం అటు వెళ్లిన మనవాళ్లు ఈ లెక్కలు చూసి మొదట నవ్వుకున్నా, తర్వాత జేబులో కొలబద్ద పెట్టుకోక తప్పదు. షాబాద్ తాతకి కొలబద్ద లేదు. ఎర్రముద్ద జోలికి పోవద్దనే కట్టుబాటు ఒక్కటే ఉంది. అది రాసిపెట్టిన చట్టం కాదు కాబట్టి తెలియనివాడికి అడ్డూ లేదు.

కప్ప, ఓపిక, కొంచెం అదృష్టం

ఇక పట్టే పద్ధతి. చిన్నచేపలకైతే వానపాము, పిండి ముద్ద చాలు. జీలుగు బెండు తేలుతుంటుంది, మునగగానే లాగడమే. కొర్రమట్టకి ఆ మర్యాదలు నచ్చవు. దానికి కదిలే ఎర కావాలి. పాతకాలం నుంచీ వాడేది చిన్న కప్ప. గడ్డి అంచున, తామరాకుల సందున కప్పని తేలికగా ఆడిస్తూ పోవాలి. నీళ్లు ఒక్కసారి చీలినట్టు అవుతాయి. 'ఠప్' మని చప్పుడు. అనుభవం లేనివాడు ఆ చప్పుడికే ఉలిక్కిపడి కర్ర లాగేస్తాడు. గాలం ఖాళీగా వచ్చి మొహానికి తగులుతుంది. అనుభవం ఉన్నవాడు దారం వదులు చేసి, మనసులో అంకెలు లెక్కపెట్టుకుని, చేప ఎరని నోట్లో సర్దుకున్నాక అప్పుడు గుంజుతాడు. గుంజాక మాత్రం దయ చూపకూడదు. ఒక్క క్షణం వదిలితే తుంగ వేళ్లలో దూరి దారాన్ని చుట్టేస్తుంది.

ఈ కళ తెల్లదొరల్ని కూడా పట్టేసింది. మద్రాసు రాష్ట్రంలో సివిల్ సర్వీసు అధికారిగా పనిచేసిన హెచ్.ఎస్. థామస్ 1887లో మన దేశపు చెరువుల్లో గాలం వేయడం గురించే 'ట్యాంక్ యాంగ్లింగ్ ఇన్ ఇండియా' అని ఒక పుస్తకం రాశాడు. కలెక్టరు కచేరీల కంటే చెరువు గట్లు ఆయనకి ఎక్కువ నచ్చి ఉంటాయి!

కప్ప విషయంలో ఒక్క మాట. పొలాల్లో పురుగుల్ని తినిపెట్టే జీవి అది. కాళ్ల కోసం కప్పల్ని చంపి విదేశాలకి పంపే వ్యాపారాన్ని 1987లో ప్రభుత్వం నిషేధించింది కూడా. ఇప్పుడు బజారులో రబ్బరు కప్పలు వస్తున్నాయి. బోలుగా, మెత్తగా, పొట్టకింద రెండు కొక్కేలతో. నగరం నుంచి ఆదివారాలు బైకుల మీద వచ్చే కుర్రాళ్లు వాటినే వాడుతున్నారు. తాతలు మొదట ఎగతాళి చేశారు. కొర్రమట్ట రబ్బరు కప్పని కూడా మింగడం చూశాక ఒకటి అడిగి తీసుకున్నారు.

సరదాకి వచ్చేవాళ్లు రెండు సంగతులు మరవకూడదు. చెరువులో చేప ఊరి మత్స్య సహకార సంఘానిది. ఏడాదికోసారి పట్టుబడి చేసుకుని ఆ డబ్బుతో బతికే కుటుంబాలున్నాయి. సొసైటీ పెద్దమనిషిని ఒక మాట అడిగితే గాలానికి కాదనేది తక్కువ, అడక్కుండా కూర్చుంటే మాత్రం లేపేస్తారు. రెండోది, చెరువులోకి దిగొద్దు. మట్టి తవ్వుకుపోయిన గుంతలు నీళ్ల కింద కనపడవు. ఈత వచ్చినవాళ్లనీ మింగిన గుంతలవి.

వేసిన చేప, వచ్చిన చేప

చెరువు కట్ట మీద కూర్చుంటే చేపల్లో రెండు కులాలున్నాయని తెలుస్తుంది. వేసిన చేప, వచ్చిన చేప.

బొచ్చె, రవు, బంగారు తీగ... ఇవి వేసిన చేపలు. ఎక్కడో హేచరీలో పుట్టి, ప్లాస్టిక్ సంచుల్లో ప్రయాణం చేసి వస్తాయి. 2016 నుంచి రాష్ట్ర ప్రభుత్వం చెరువుల్లో ఉచితంగా చేపపిల్లల్ని వదిలే పథకం పెట్టాక సొసైటీలకి పెద్ద ఆసరా అయింది. అంతకు ముందు ఏడాది మొదలైన మిషన్ కాకతీయలో పూడిక తీసిన చెరువుల్లో నీళ్లు కూడా ఎక్కువ నిలిచాయి. ఇది కాదనలేని మేలు.

కొర్రమట్ట మాత్రం ఈ పల్లె చెరువులకి ఎక్కువగా తనంతట తానే వచ్చే చేప. పిల్లల్ని సంచుల్లో తెచ్చి వదిలినా ఒకదాన్నొకటి తినేస్తాయి, అందుకే పెంపకందారులకి కూడా అది గడుసు చేపే. దానికి కావాల్సింది లోతైన నీళ్లు కాదు. లోతు లేని ఒడ్డు, గడ్డి, బురద, కప్పలు, పైనున్న చేలల్లోంచి దిగే కాలువ. చెరువుకి నీళ్లు తెచ్చే కాలువలోకి ఎవరో గోడ కడితే, శిఖం భూమిని మట్టితో నింపి చుట్టూ తీగ లాగితే, ఒడ్డు పొడవునా రాళ్లు పేర్చి నడకదారి వేస్తే... చూడ్డానికి చెరువు అలాగే ఉంటుంది. నీళ్లూ ఉంటాయి. బొచ్చె కూడా పెరుగుతుంది. కొర్రమట్ట మాత్రం తగ్గిపోతుంది. ఊరికి ముందుగా తెలిసేది చిత్త కార్తెలో గాలం వేసినవాడి ద్వారానే.

ఈ ప్రాంతంలో ఆ భయం ఊరికే పుట్టింది కాదు. జంట జలాశయాలకి నీళ్లొచ్చే దారుల్ని కాపాడటానికి 1996 మార్చి 8న 111 జీవో వచ్చింది. మొయినాబాద్, చేవెళ్ల, షాబాద్ సహా పలు మండలాల్లోని 84 గ్రామాల్లో పది కిలోమీటర్ల పరిధిలో పరిశ్రమలు, పెద్ద కట్టడాలు వద్దంది. పొలం అమ్ముకుందామంటే ధర రావడం లేదని రైతులు ఏళ్ల తరబడి మొత్తుకున్నారు. వాళ్ల బాధలోనూ న్యాయముంది. పక్క ఊళ్లో ఎకరం కోట్లు పలుకుతుంటే తమ ఎకరం మాత్రం నగరం కోసం ఊరికే పడి ఉండాలంటే ఎవరికైనా కష్టమే. ఇంతలో జీవో ఉండగానే ఫాంహౌస్‌లు, కల్యాణ మంటపాలు ప్రహరీలు లేపేశాయి. 2022 ఏప్రిల్‌లో ప్రభుత్వం 69 జీవోతో ఆ ఆంక్షల్ని సడలించింది. వాదాలు కోర్టులకెక్కాయి. గోడకి ఏ వైపున ఎవరి న్యాయం ఉన్నా, వాన నీరు మాత్రం గోడ కింది నుంచి పోలేదు. కొర్రమట్ట కూడా అంతే.

2020 అక్టోబరులో, చిత్త కార్తెలోనే, కుంభవృష్టి కురిసి హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తారు. చెరువులు మత్తడి దుంకాయి. మూసుకుపోయాయనుకున్న వాగులు తమ పాత దారులు ఎక్కడెక్కడున్నాయో వెతుక్కుంటూ రోడ్ల మీదికి, కాలనీల్లోకి వచ్చాయి. నీటికి జ్ఞాపకం ఎక్కువ.

బూడిద రుద్ది, పులుసు పెట్టి...

సరే, చేప దొరికిందే అనుకోండి. నగరానికి చేరితే రాంనగర్, బేగంబజార్ మార్కెట్లలో ఇది తొట్టిలో ఈదుతూ కనిపిస్తుంది. ఐసు మీద పడుకున్న చేపలకి ఒక ధర, కొర్రమీనుకి దానికి రెండు మూడింతలు. బతికున్నదాన్ని చూపించి అమ్మడమే దాని దర్జా. చిన్న ముళ్లు తక్కువ కాబట్టి పిల్లలకి పెట్టడానికి భయముండదు. హైదరాబాద్ హోటళ్లలో అపోలో ఫిష్‌కి పేరొచ్చిందీ ఈ ముళ్లు లేని ముక్కల వల్లే.

షాబాద్ ఇంట్లో మాత్రం అపోలో లేదు. ఒంటి మీది జిగురు పోయేలా పొయ్యి బూడిద, ఉప్పు వేసి బండ మీద బాగా రుద్దుతారు. పసుపు, కారం పట్టించి పక్కన పెడతారు. ఉల్లిగడ్డ, ఎల్లిపాయ, ధనియాల పొడి, చిటికెడు మెంతిపొడి, చిక్కటి చింతపండు పులుసు. పులుసు మరిగాకే ముక్కలు వేయాలి. గరిటె పెట్టి తిప్పకూడదు, గిన్నెని పట్టుకుని కుదపాలి. రాత్రి వండి పొద్దున జొన్నరొట్టెతో తినాలన్నది ఇక్కడి పెద్దల మాట. దీపావళి దాటి కార్తీకం వస్తే చాలా ఇళ్లలో నీచు ముట్టరు. కాబట్టి దసరాకీ కార్తీకానికీ మధ్య దొరికిన చేపకి ఉన్నంత గిరాకీ మరెప్పుడూ ఉండదు.

మళ్లీ కట్ట మీదికి వద్దాం. ఎనిమిది కావస్తోంది. ఎండ పొడుచుకొచ్చింది. తాత కర్ర ఒక్కసారి వంగింది. ఆయన గుంజలేదు. పెదాలు మాత్రం కదిలాయి. ఒకటి, రెండు, మూడు... పిల్లాడు ఊపిరి బిగబట్టాడు. గుంజుడు! తుంగ కదిలింది, నీళ్లు ఎగిరాయి, నల్లటి వీపు గడ్డి మీద పడి దొర్లింది. కిలో పైమాటే.

"తాతా, ఇది ఏడికెళ్లి వచ్చింది?"

తాత చెయ్యెత్తి చెరువు వెనక వైపు చూపించాడు. పత్తిచేను, దాని వెనక లొట్టపీసు పొదలు, పొదల్లో సన్నటి కాలువ. కాలువకి అవతల కొత్తగా పాతిన సిమెంటు కడీలు వరసగా నిలబడి ఉన్నాయి. ఇంకా తీగ లాగలేదు.

"ఆ కాలువల్కెళ్లి" అన్నాడు.

బకెట్లో జానెడు నీళ్లు పోసి చేపని వేశారు. పైన తువ్వాల కప్పి అంచు చుట్టూ గట్టిగా దారం కట్టారు. దుంకుతుంది మరి. బండి వెనక కూర్చున్న పిల్లాడు ఇంటిదాకా రెండు చేతులతో ఆ బకెట్‌ని వదల్లేదు.